రూల్ ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి: టేబుల్‌టాప్ ఆర్‌పీజీ నడిపేవాళ్ల కోసం

టేబుల్ చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా కథ నడిపే ఆటని టేబుల్‌టాప్ ఆర్‌పీజీ అంటారు. అలాంటి ఆటే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ). దాని ఐదో ఎడిషన్‌లో సీసా నూనెకి కూడా ఒక రూల్ ఉంది. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం నేల మీద ఒలకబోస్తే 5 అడుగుల చదరం మేర పరుచుకుంటుంది. అంటిస్తే 2 రౌండ్లు (ఒక్కో రౌండ్ ఆటలో 6 సెకన్లు) మండుతుంది. అందులో అడుగుపెట్టినవాళ్లకి, అక్కడే టర్న్ ముగించినవాళ్లకి 5 డ్యామేజ్. ఇంత స్పష్టంగా రాసిన రూల్‌లో చిన్న షరతు ఒకటి ఉంది: నేల చదునుగా ఉండాలి.

ఇప్పుడు మీ టేబుల్ దగ్గర ఒకడు అంటాడు: "వాళ్లు మెట్లెక్కి వస్తున్నారు కదరా, పైమెట్ల మీద నూనె పోసేస్తా. జారిపడతారు. అప్పుడు కాగడా విసురుతా." మెట్లు చదును కాదు. జారడం గురించి ఆ రూల్‌లో ఒక్క ముక్క లేదు. అందరూ ఆట నడిపే గేమ్ మాస్టర్ మొహం వైపు చూస్తారు, అంటే మీ వైపు.

ఇలాంటప్పుడు ఏం చేయాలో, అసలు సెషన్ కంటే ముందే ఏం సిద్ధం చేసుకోవాలో వరసగా చెప్తాను. రెండు మూడు సెషన్లు నడిపి, రూల్స్ గొడవలతో తల వాచినవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

ముందు రెండు మాటలు అనుకుందాం. దూరం, ఖర్చు, ఫలితం అన్నీ ముందే రాసి ఉండి, ఎవరు చదివినా ఒకే జవాబు వచ్చేది బిగుతు రూల్. ఎప్పుడు ఎవరు తేల్చాలో మాత్రం చెప్పి, ఫలితాన్ని టేబుల్‌కి వదిలేసేది వదులు రూల్. నా లెక్కలో ఆట మొత్తానికి ఒకే పద్ధతి పెట్టుకోవడం దండగ. ఏ విషయంలో ఏది కావాలో విడివిడిగా తేల్చుకోవాలి. "మాది రూల్స్ టేబుల్", "మాది కథ టేబుల్" అని చెప్పుకునేవాళ్లు కూడా లోపల చేసేది అదే.

గొడవ పాతదే

ఈ తగువు డ్రాగన్ల కంటే ముందుది. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్‌విట్జ్ తయారుచేసిన క్రీగ్‌స్పీల్ అనే యుద్ధ క్రీడలో 1:8000 స్కేలు మ్యాపులు, పాచికలు, నష్టాల పట్టికలు ఉండేవి. మధ్యలో అంపైర్ ఉండేవాడు. కొన్ని దశాబ్దాలకి ఆ పట్టికలు చూసేసరికే ఆట నత్తనడక నడుస్తోందని అధికారులు విసుక్కున్నారు. 1876లో వెర్డీ డు వెర్న్వా అనే అధికారి పాచికల్నీ పట్టికల్నీ పక్కన పెట్టి, అనుభవం ఉన్న అంపైర్ మాటే ఫలితం అన్నాడు. పని వేగంగా జరిగింది. అంపైర్ సరైనవాడు కాకపోతే ఏంటన్న ప్రశ్న మాత్రం మిగిలింది. మన టేబుళ్ల దగ్గర ఇవాళ్టికీ వినిపించేది అదే ప్రశ్న.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి డీ అండ్ డీ మూడు చిన్న పుస్తకాలు. ఖాళీలు బోలెడు. ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఆడేవాళ్లు. టోర్నమెంట్లు పెట్టాలంటే అందరూ ఒకేలా ఆడాలి కదా, 1977 నుంచి 1979 దాకా వచ్చిన అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీ పుస్తకాలు ఆ ఖాళీల్ని పూడ్చుకుంటూ పోయాయి. 2000లో మూడో ఎడిషన్ ఇంకా బిగించింది. 2014లో ఐదో ఎడిషన్ కొంత వదిలింది.

మొదటి అడుగు: మీ పుస్తకం దేన్ని బిగించిందో గుర్తుపెట్టండి

పెన్సిల్ తీసుకుని రూల్‌బుక్ ముందేసుకోండి. మీరు నిజంగా వాడే రూల్స్ పక్కన 'బి' అనో 'వ' అనో రాసుకుంటూ వెళ్లండి. గంట పట్టొచ్చు. ఒకే పుస్తకంలో రెండు రకాలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఐదో ఎడిషన్‌లోనే చూడండి. ఫైర్‌బాల్ స్పెల్ (మంత్రం) 150 అడుగుల దూరం వెళ్తుంది, 20 అడుగుల వ్యాసార్థంలో పేలుతుంది, ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేస్తే వచ్చినంత డ్యామేజ్, డెక్స్టెరిటీ సేవ్ (చురుకుతనంతో తప్పించుకోవడానికి వేసే పాచిక) నెగ్గితే సగం. వాదనకి చోటే లేదు. అదే పుస్తకంలో సజెషన్ స్పెల్ ఉంది. ఒకటి రెండు వాక్యాల్లో ఎవరికైనా ఏదైనా చేయమని చెప్పొచ్చు, కాకపోతే 2014 పుస్తకంలో ఆ సూచన సబబుగా అనిపించేలా ఉండాలి. సబబో కాదో ఎవరు తేలుస్తారు? మీరే. ఇలాంటి చోట్లే సెషన్ ఆగిపోతుంది, కాబట్టి ఇవే ముందుగా గుర్తుపెట్టుకోవాల్సినవి.

'వ' అని రాసే ముందు ఒకసారి ఆలోచించండి. వదులుగా కనిపించేవన్నీ వదులు కావు. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌ని చాలామంది "రూల్స్ లేని ఆట" అనుకుంటారు. అందులో ఏం జరుగుతుందనేది టేబుల్ మీదే ఆధారపడుతుంది, నిజమే. కానీ పాచికలు ఎప్పుడు వేయాలనేది చాలా బిగుతు. పాత్ర ఒక ఫలానా పని చేసిందంటే వేసి తీరాలి, చేయకపోతే వేయడానికి లేదు. రెండు ఆరు ముఖాల పాచికల మొత్తం 10 గానీ ఆపైన గానీ వస్తే పూర్తి గెలుపు, 7 నుంచి 9 మధ్య వస్తే గెలుపుతో పాటు ఏదో ఒక మూల్యం, 6 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే పగ్గాలు గేమ్ మాస్టర్ చేతికి. మాడిఫయర్ (పాచికకి కలిపే అంకె) లేకుండా చూస్తే పూర్తి గెలుపు వచ్చే అవకాశం 36లో 6 మాత్రమే, మధ్య ఫలితం 15, కింది ఫలితం 15. కథ ఎప్పుడూ ఇబ్బందుల వైపే జారేలా లెక్క కట్టారన్నమాట. ఇంత పక్కా యంత్రాన్ని రూల్స్ లేని ఆట అంటే నేను ఒప్పుకోను.

రెండో అడుగు: ఏది ఎటు పోవాలో తేల్చండి

పుస్తకం ఏం చేసిందో తెలిసింది. ఇక మీ టేబుల్‌కి ఏం కావాలి?

ప్లేయర్లు ముందుగా ప్లాన్ వేసుకోవాల్సిన విషయమైతే బిగించండి. ఎంత దూరం దూకగలను, ఈ స్పెల్ రోజుకి ఎన్నిసార్లు, రాత్రి నిద్రపోతే ఎన్ని హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణశక్తి లెక్క) వెనక్కొస్తాయి, ఇవి ముందే తెలియకపోతే ప్లాన్ వేయలేరు. గేమ్ మాస్టర్ మూడ్‌ని బట్టి దూకుడు దూరం మారుతుంటే, ప్లేయర్ ఆటని చదవడం మానేసి గేమ్ మాస్టర్‌ని చదవడం మొదలుపెడతాడు.

ప్రాణం పోయే చోట కూడా అంతే. ఏడాదిగా పెంచుకున్న క్యారెక్టర్ చచ్చిపోతే "పాచిక అలా పడింది" అంటే బాధపడి ఊరుకుంటాడు. "నాకలా అనిపించింది" అంటే ఊరుకోడు. ప్లేయర్లు ఒకరి మీద ఒకరు కత్తి దూసే ఆటలైతే ఇంకా గట్టిగా బిగించండి. అక్కడ మీరు ఎటు చెప్పినా పక్షపాతంలాగే వినిపిస్తుంది.

ఇక వదలాల్సిన చోటు. ప్లేయర్ నోటితో చెప్పే వర్ణనే అసలు ఆట అయిన చోట రూల్ అడ్డం పడకూడదు. దీనికి అందరూ చెప్పుకునే పాత ఉదాహరణ దొంగ అనే క్లాస్‌ది, అంటే పాత్ర రకానిది. 1974 పుస్తకాల్లో దొంగ లేడు. గోడలో ఉచ్చు ఉందేమో అనిపిస్తే ఎవరైనా సరే కర్రతో పొడిచి, నీళ్లు పోసి, రాయి దొర్లించి కనిపెట్టాల్సిందే. 1975లో గ్రేహాక్ అనుబంధంలో దొంగ క్లాస్ వచ్చింది, ఉచ్చులు విప్పడానికి శాతం లెక్కతో సహా. దొంగ ఆడేవాడికి ఆనందమే. కానీ మిగతావాళ్లు "శాతం వాడి షీట్ మీద ఉంది, నా షీట్ మీద లేదు, అంటే నేను ప్రయత్నించడానికి లేదేమో" అనుకోవడం మొదలైంది. మొదటి లెవెల్ దొంగకి ఆ శాతం కూడా తక్కువే. ఒకరికి ఇచ్చిన రూల్ మిగతావాళ్ల చేతుల్లోంచి ఒక పని లాగేసుకుంది. మీరు కొత్త హౌస్ రూల్ (మీ టేబుల్ సొంత రూల్) రాసినప్పుడల్లా ఈ కోణంలో ఒకసారి చూసుకోండి.

సంభాషణ సంగతి మీద జనం రెండుగా చీలతారు. నేనైతే బేరాలు, బెదిరింపులు, బుజ్జగింపులు చాలావరకు వదులుగానే ఉంచుతాను. అయితే మొహమాటస్తులు ఆడే టేబుళ్లలో పాచిక ఉండాలి. లేకపోతే బయట మాటకారి అయినవాడే ఆటలోనూ మాటకారి అవుతాడు, పాత్రకి కరిజ్మా (ఆకట్టుకునే గుణం) 18 పెట్టుకున్న పిల్ల మూల కూర్చుంటుంది. ఆవిడ ఏం అడగాలనుకుంటుందో, ఏం ఆశ చూపిస్తుందో చెప్తే చాలు. డైలాగ్ కొట్టక్కర్లేదు.

మూడో అడుగు: బిగించేది పూర్తిగా బిగించండి

సగం బిగించిన రూల్ అంత తలనొప్పి ఇంకోటి లేదు. ఎప్పుడు వర్తిస్తుంది, ఖర్చేంటి, ఏం జరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎప్పుడు అయిపోతుంది అనేవాటికి రూల్‌లోనే జవాబు ఉండాలి. మెట్ల మీద నూనె సంగతి హౌస్ రూల్‌గా రాస్తే ఇలా ఉంటుంది:

"ఒక యాక్షన్ వాడి, పక్కనున్న 5 అడుగుల మెట్ల మీద సీసా నూనె పోయొచ్చు. సీసా ఖర్చయిపోతుంది. ఆ మెట్ల మీదకి ఒక టర్న్‌లో మొదటిసారి అడుగుపెట్టినవాళ్లు 10 మీద డెక్స్టెరిటీ సేవ్ వేయాలి, ఓడితే అక్కడే పడిపోతారు. సగం వేగంతో నడిస్తే సేవ్ అక్కర్లేదు. నూనె నిమిషం పాటు ఉంటుంది. అంటిస్తే చదునైన నేల మీద ఉన్న రూలే, కాకపోతే 2 రౌండ్లకి బదులు 1 రౌండ్."

సగం వేగం వాక్యం మీద ఎక్కువ ఆలోచించాను. అది లేకపోతే ఒక్క సీసా నూనెతో సైన్యాన్ని ఆపేయొచ్చు. ఉంటే శత్రువు ఆలోచించి నడవాలి, ప్లేయర్‌కి ఒక రౌండ్ సమయం దొరుకుతుంది. చవక సీసాకి అది చాలు.

రాశాక "దగ్గర్లో", "కాసేపు", "బాగా", "అవసరమైతే" లాంటి మాటల కోసం వెతకండి. ఒక్కోటీ ఒక్కో తగువుకి విత్తనం. తర్వాత మీ గ్రూప్‌లో రూల్స్ లాయర్ (ప్రతి రూల్‌నీ పట్టుకుని వాదించేవాడు) ఉంటాడుగా, సెషన్‌కి ముందే వాడికి పంపి "దీన్ని ఎలా వాడుకుంటావో చెప్పు" అనండి. వాడికీ సరదా, మీకూ పని తప్పుతుంది.

బిగించడానికీ ఒక హద్దుంది. డీ అండ్ డీ మూడో ఎడిషన్‌లో శత్రువుని ఒడిసి పట్టుకోవాలంటే ముందు అతనికి ఒక ఉచిత దెబ్బ కొట్టే అవకాశం, తర్వాత తాకడానికి ఒక పాచిక, పట్టుకోవడానికి ఇద్దరి మధ్య ఇంకో పాచిక, ఆపైన అతనున్న గడిలోకి జరగడం. రూల్ అంతా స్పష్టమే, అయినా టేబుల్ దగ్గర జనం పట్టుకోవడమే మానేశారు. 2014కి అది ఇద్దరూ చెరో పాచిక వేసే ఒక్క పోటీగా మారింది. మీ రూల్ వాడటానికి పుస్తకం రెండుసార్లు తెరవాల్సి వస్తే దాన్ని కుదించండి, లేదా వదిలేయండి.

నాలుగో అడుగు: వదిలిన చోట తీర్పు ఇచ్చే పద్ధతి

ఎక్కువ మంది గేమ్ మాస్టర్లు తడబడేది ఇక్కడే. వదులు రూల్ అంటే నోటికొచ్చింది చెప్పడం అనుకుంటారు. నిజానికి ఫలితం వదులుగా ఉన్నప్పుడే పద్ధతి గట్టిగా ఉండాలి.

ముందు ప్లేయర్ ఏం ఆశిస్తున్నాడో అడగండి. "మెట్ల మీద నూనె పోస్తా" అన్నవాడు శత్రువుల్ని చంపాలనుకుంటున్నాడా, ఆలస్యం చేయాలనుకుంటున్నాడా, భయపెట్టి వెనక్కి పంపాలనుకుంటున్నాడా? మూడింటికీ మూడు వేర్వేరు తీర్పులు. అడగకుండా పాచిక వేయిస్తే, గెలిచాక కూడా "నేను అనుకుంది ఇది కాదు" అంటాడు.

తర్వాత పాచిక అసలు కావాలా అని చూడండి. జరగడానికి అడ్డేమీ లేకపోతే జరిగిందనండి. ఎలాగూ జరగదంటే అదీ చెప్పేయండి. ఓడిపోయినా ఏమీ కానప్పుడు పాచిక దండగ.

పాచిక కావాలంటే, పడక ముందే పందెం బయటపెట్టండి: "నెగ్గితే ముందున్న ఇద్దరు పడతారు. ఓడితే నూనె నీ బూట్ల కిందకి కూడా వస్తుంది. సరేనా?" ఈ "సరేనా" వదలకండి. ప్లేయర్ వద్దనుకుంటే వెనక్కి తగ్గొచ్చు, ఎందుకంటే ఆ పాత్రకి తన కళ్లముందున్న మెట్లు మీకంటే బాగా కనిపిస్తుంటాయి. 2017లో వచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఆట దీన్నే పద్ధతిగా మార్చింది. వేసే ముందు పరిస్థితి అదుపులో ఉందా, రిస్కా, ప్రాణాల మీదకొచ్చిందా అని గేమ్ మాస్టర్ చెప్పాలి, నెగ్గితే ఎంత ప్రభావమో కూడా చెప్పాలి. ఈ అలవాటు మీరు ఏ ఆటలోకైనా తెచ్చుకోవచ్చు.

ఇక ఇరవై ముఖాల పాచికతో అందుకోవాల్సిన అంకె. ఐదో ఎడిషన్ నిచ్చెన తేలిక: చాలా సులువు 5, సులువు 10, మధ్యస్థం 15, కష్టం 20, చాలా కష్టం 25, దాదాపు అసాధ్యం 30. పేర్లు చూసి మోసపోకండి. ఆ పనిలో ఏ నైపుణ్యమూ లేనివాడు "మధ్యస్థం" 15ని అందుకునే అవకాశం 30 శాతమే. ప్లస్ 5 ఉన్న నేర్పరికి కూడా 55 శాతమే. సందేహం వస్తే 10 దగ్గర మొదలుపెట్టండి. అక్కడ ఆ నేర్పరికి 80 శాతం, ఏమీ రానివాడికి 55. నేర్పు తేడా తెలుస్తుంది, ప్రయత్నం కూడా వృథా కాదు.

ఇంకో ఉచ్చు ఉంది, దీన్ని చాలామంది గమనించరు. ఒకే పనికి పాచిక మళ్లీ మళ్లీ వేయించడం. కోట గోడ పక్కన నక్కి వెళ్తున్నవాడికి గేటు దగ్గర ఒకటి, బావి దగ్గర ఒకటి, తలుపు దగ్గర ఒకటి వేయిస్తే, ఒక్కోటి 55 శాతమైనా మూడూ నెగ్గడం 17 శాతం లోపే. నలుగురూ తలో పాచిక వేసి నలుగురూ నెగ్గాలంటే 9 శాతం. మీకు తెలియకుండానే "నక్కడం కుదరదు" అని తీర్పు ఇచ్చేసినట్టు. ప్లేయర్లకి లెక్క తెలియకపోయినా సంగతి అర్థమవుతుంది, తర్వాతి కోటకి తలుపు పగలగొట్టే వెళ్తారు. గుంపులో సగం మంది నెగ్గితే అందరూ నెగ్గినట్టే అనే గ్రూప్ చెక్ పుస్తకంలోనే ఉంది. అదే నలుగురికి అవకాశం 76 శాతానికి చేరుతుంది.

పెద్ద పని అయితే గడియారం గీయండి. ఇదీ బ్లేడ్స్ పద్ధతే: వృత్తం గీసి 4, 6 లేదా 8 ముక్కలు చేసి, నెగ్గినప్పుడల్లా ముక్కలు నింపడం. ఇంకా ఎంత మిగిలిందో అందరికీ కనిపిస్తుంది, "ఇంకా ఎన్ని పాచికలు వేయాలి మాస్టారూ" అనే నస ఉండదు.

ఐదో అడుగు: తీర్పులు రాసి పెట్టుకోండి

ఇచ్చిన ప్రతి తీర్పునీ ఒక వాక్యంలో రాయండి. మా గ్రూప్‌లో వాట్సాప్‌లో పిన్ చేసి ఉంచుతాం. తేదీ, పరిస్థితి, తీర్పు, అంతే. అదే సందర్భం మళ్లీ వస్తే ఆ తీర్పే చెల్లుతుంది. మూడోసారి వచ్చిందంటే అది వదులుగా ఉండాల్సిన విషయం కాదని అర్థం, కూర్చుని హౌస్ రూల్‌గా రాసేయండి. ఎన్నడూ రెండోసారి రానివి పుస్తకంలోకి ఎక్కించకండి. సన్నగా మొదలైన హౌస్ రూల్స్ జాబితా ఆర్నెల్లలో రెండో రూల్‌బుక్ అయి కూర్చుంటుంది.

తీర్పు మార్చాలంటే సెషన్ల మధ్యలో మార్చండి. ఫైట్ మధ్యలో మారిస్తే, మంచి ఉద్దేశంతోనే అయినా, ఎవరో ఒకరు మోసపోయినట్టు ఫీలవుతారు.

ఆరో అడుగు: వాదన వచ్చినప్పుడు

టైమ్ పెట్టుకోండి. రెండు నిమిషాలు వాదన, తర్వాత గేమ్ మాస్టర్ మాట ఆ రాత్రికి ఫైనల్, మిగతాది సెషన్ అయ్యాక. డల్లాస్‌లో ఒకడు, హైదరాబాద్‌లో ముగ్గురు ఆన్‌లైన్‌లో ఆడే గ్రూపులకి ఇది మరీ అవసరం. ఒకడికి ఆఫీస్ టైమ్ అవుతుంటుంది, మిగతావాళ్లకి నిద్ర ముంచుకొస్తుంటుంది.

వాదనల్లో ఒక రకాన్ని వెంటనే గుర్తుపట్టాలి. ఇంటర్నెట్‌లో పేరుపడ్డ "రైతుల రైల్‌గన్" దానికి నమూనా. వేలమంది రైతుల్ని వరసగా నిలబెట్టి, ప్రతివాడూ పక్కవాడికి కర్ర అందించేలా యాక్షన్ సిద్ధం చేసుకుంటాడు. రూల్ ప్రకారం అదంతా ఒక్క రౌండ్‌లో, అంటే 6 సెకన్లలో అయిపోతుంది. కర్ర మైళ్ల దూరం వెళ్లింది కాబట్టి భయంకరమైన వేగం వచ్చింది, ఆ వేగంతో డ్రాగన్‌ని గుద్దితే చచ్చిపోవాలి అని వాదన. ఇందులో కిటుకు ఏంటంటే మొదటి సగానికి రూల్ వాడారు, రెండో సగానికి ఫిజిక్స్ వాడారు. మొత్తం రూలే వాడితే చివరి రైతు మామూలుగా కర్ర విసిరాడు, మామూలు డ్యామేజ్. మొత్తం లోకజ్ఞానమే వాడితే అంతమంది చేతులు 6 సెకన్లలో కర్ర మార్చలేవు. రెండింట్లో ఏదైనా ఒప్పుకోండి, కలిపి కుట్టడానికి ఒప్పుకోకండి. 2024 డంజన్ మాస్టర్స్ గైడ్ కూడా రూల్స్ అంటే భౌతికశాస్త్రం కాదని ఇలాంటి గొలుసునే చూపించి చెప్పింది.

అయితే రూల్‌తో తెలివిగా ఆడే ప్రతివాడూ ఇలాంటివాడని అనుకోవద్దు. రెండు బిగుతు రూల్స్‌ని కలిపి మీరు ఊహించని కాంబో తెచ్చినవాడు మీ ఆటని శ్రద్ధగా చదివినవాడు. ఒకసారి పని చేయనివ్వండి, చప్పట్లు కొట్టండి. రోజూ అదే చేసి మిగతావాళ్లకి ఆట లేకుండా చేస్తే అప్పుడు మాట్లాడొచ్చు.

ఏడో అడుగు: రెండు చివర్లూ రుచి చూడండి

మీ గ్రూప్‌కి ఏది నప్పుతుందో మాటలతో తేలదు. ఒక రాత్రి లేజర్స్ అండ్ ఫీలింగ్స్ ఆడండి. ఒక్క పేజీ ఆట. పాత్రకి 2 నుంచి 5 లోపు ఒకే ఒక అంకె ఉంటుంది, మిగతాదంతా టేబుల్ ఊహించుకోవాలి. ఇంకో రాత్రి పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో చిన్న ఫైట్ ఒకటి ఆడండి. టర్న్‌కి మూడు యాక్షన్లు, ప్రతి ప్రయత్నానికీ నాలుగు స్థాయిల ఫలితం, లక్ష్యాన్ని 10తో దాటితే క్రిటికల్, అంటే మామూలు కంటే పెద్ద గెలుపు. మొదటి రాత్రి ఎవరు బిక్కమొహం వేశారు, రెండో రాత్రి ఎవరు ఫోన్ తీశారు అనేది చూసుకుంటే మీ క్యాంపెయిన్‌లో ఏది బిగించాలో సగం తెలిసిపోతుంది.

ఆ తర్వాత చేయాల్సింది రూల్స్ షీట్. డీ అండ్ డీ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం ఎస్‌ఆర్‌డీ 5.1ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలారు. మూలం ఎక్కడిదో చెప్తే చాలు, అందులోని రూల్స్‌ని తెలుగులోకి తిప్పి, మీ హౌస్ రూల్స్ కలిపి, రెండు పేజీల్లో ప్రింట్ తీసి పంచుకోవచ్చు. బిగుతువి ఒక వైపు, తీర్పు పద్ధతి రెండో వైపు ఉండేలా వేసుకుంటే టేబుల్ మీద వెతుక్కోవడం తేలిక.